మూడో అంతస్తు పూత

తిరుపతి,
6 ఆగస్టు 2023

పెదనాయనకు స్టెల్లా వందనాలు.

మొన్న ఫోన్ చేస్తే నువ్వు "ఎవురూ? ఎవురూ?" అని నాలుగుసార్లు అడిగి, విసుగొచ్చి పెద్దమ్మ చేతికిచ్చేశావు. ఆమె కోళ్ళ సంగతి, చర్చి రేకుల సంగతి చెప్పి పెట్టేసింది. నేను అడగాల్సింది అడగనే లేదు. చెవులు పోయినా పెదనాయన కళ్ళు గద్ద కళ్ళని అందరూ అంటున్నారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. జవాబు రాయకపోతే నగరి వచ్చి మీ వాకిట్లో కూర్చుంటాను.

నాకు కొత్త పని దొరికింది. ఇక్కడ కోట పార్కు మధ్యలో ఉన్న పాలెగాడి మేడను బాగుచేస్తున్నారు. దానికి సైటు ఇంజనీరుగా ఏడాది కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఒకప్పుడు చుట్టూ అగడ్త ఉండేదట. ఇప్పుడు అందులో బాతు బొమ్మల పడవలు తిరుగుతున్నాయి. మేడ మాత్రం చూస్తే కడుపు నిండుతుంది పెదనాయనా. మూడంతస్తులు. కింది గోడ మందం నా రెండు చేతులు చాపినా అందదు. కింద నల్లరాయి, పైకి పోయేకొద్దీ ఇటుక, అంతా సున్నంతో కట్టిందే. ఒక్క దూలం లేదు, చెక్క ముక్క లేదు. కప్పులన్నీ కమాన్లే. కింద గుళ్ళలో ఉండేలాంటి స్తంభాలు, రెండో అంతస్తులో సుల్తానుల కాలపు తోరణాలు, మూడో అంతస్తు నాలుగు మూలలా చిన్న గుమ్మటాలు. తాత ఒకటి, కొడుకు ఒకటి, మనవడు ఒకటి కట్టించారంటారు. మెట్లు గోడ లోపలే ఉన్నాయి, పక్కకు తిరిగి ఎక్కాలి. ఉత్తరం గోడ నిండా పిడికిలి దూరేంత బొక్కలు. ఫిరంగి దెబ్బలని బోర్డు పెట్టారు.

బాధంతా మూడో అంతస్తుతోనే. ముప్పై ఏళ్ళుగా దానికి తాళం వేసి ఉంది. మేము బాగుచేస్తే జనాన్ని పైకి పంపుతారు, చేయలేకపోతే ఏం చేస్తారో తెలియదు. ఎవడో మహానుభావుడు దాని బయటి గోడలకంతా సిమెంటు పూసిపెట్టాడు. లోపల కమాన్ల సున్నం పిండిలా రాలుతోంది. వాడెవడో గానీ దొరికితే రెండు తగిలించాలని ఉంది.

సరే, అడగాల్సింది ఇది. పాత పద్ధతి సున్నం ఎట్లా చేస్తారు? పుస్తకాల్లో చదివి నేను చేయించింది వారానికే బీటలిచ్చింది. మా మేస్త్రీ మునిచంద్రకు సిమెంటు తప్ప తెలియదు. తాత దగ్గర సున్నం పని నేర్చుకున్నవాడివి నువ్వొక్కడివే మిగిలావు.

పెద్దమ్మను అడిగానని చెప్పు.

స్టెల్లా


నగరి,
19 ఆగస్టు 2023

ప్రభువు కృపలో స్టెల్లమ్మకు పెదనాయన దీవెనలు.

జాబు అందింది. ఇంజనీరమ్మ ఉత్తరం రాసిందని మీ పెద్దమ్మ వీధంతా చెప్పుకుంది. ఈడ అందరం బాగుండాము. మరమగ్గాల మోత వినపడకుండా పోయింది. చెవుడు చేసిన మేలు అదొక్కటే.

నీ సున్నం బీటలు ఇయ్యక ఏం చేస్తాది. నువ్వు తొందరపడి బిన్నా బిన్నా చేసుంటావు. కాల్చిన సున్నపురాయిని తొట్టిలో పోసి, నీళ్ళు పోసి, నెల దినాలు మరిచిపో. నీళ్ళు ఎప్పుడూ పైన నిలవాల. తర్వాత ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో వెన్నపూస మాదిరి తిప్పాల. కరక్కాయలు దంచి, బెల్లం వేసి, నీళ్ళలో పది దినాలు మురగబెట్టి, ఆ నీళ్ళతోనే కలపాల. కంపు కొడతాది, ముక్కు మూసుకో. పూసినాక తడి గోనెలు కప్పు. ఎండ తగిలితే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటాది.

ఇంగ ఫిరంగి దెబ్బలంటివే, ఆ బోర్డు రాసినోడిని పిలిచి ఒక మాట అడుగు. ఫిరంగి దెబ్బలు వరసగా, మూరెడు మూరెడు దూరంలో, దారం పట్టినట్టు తగుల్తాయా? అవి సారవ బొక్కలు. గోడ కట్టేటప్పుడు నిలబడే దానికి కట్టెలు దూర్చేది ఆ బొక్కల్లోనే. పని అయినాక పూడ్సరు. రేపు మరమ్మతుకు వచ్చేవాడికి పనికొస్తాయని వదిలేస్తారు. ఉత్తరం గోడకు ముప్పై నాలుగు ఉండాల. మూడో అంతస్తులో ఇంకా పదకొండు ఉండాయి, కనపడవు.

మరుపు లేకుండా చర్చికి పో.

పెదనాయన ఏబెల్


తిరుపతి,
10 సెప్టెంబరు 2023

పెదనాయనకు వందనాలు.

నీ ఉత్తరం పట్టుకుని ఉత్తరం గోడ ముందు నిలబడి లెక్కపెట్టాను. సరిగ్గా ముప్పై నాలుగు. పార్కులో పిల్లలు కూడా నాతో లెక్కపెట్టారు. ఎప్పుడో కట్టినవాళ్ళు మనకోసం బొక్కలు వదిలిపెట్టి పోయారంటే నాకు ఒళ్ళు పులకరించింది. మా పెద్ద ఇంజనీరు ప్రతాప్ సార్‌కు చెబితే "ఎవరు చెప్పారు?" అన్నాడు. మా పెదనాయన అన్నాను. బోర్డు తీయించేశాడు.

సున్నం నానబెట్టించాను. కరక్కాయ నీళ్ళ కంపుకు బాతు పడవలవాడు వచ్చి పోట్లాడాడు. పనికొచ్చే అలివేలమ్మ అతన్ని కసిరింది. "కోటకు మందు కాస్తావుండాం, పోప్పా" అంది.

మూడో అంతస్తులో పదకొండు బొక్కలున్నాయని నీకెలా తెలుసు? ఆ సిమెంటు కింద ఏముందో మాకే తెలియదు. ఆ పూతను తలుచుకుంటే నాకు మండుతోంది పెదనాయనా. పనితనం తెలియని వెధవ ఎవడో గోడకు ఊపిరాడకుండా దుప్పటి కప్పినట్టు కప్పాడు. నిన్న ఒక మూల చీపురుతో ఊడిస్తే సిమెంటు మీద గీసిన అంకెలు బయటపడ్డాయి. 1992. పైగా సంవత్సరం కూడా వేసుకున్నాడు. ఆ రోజుల్లో ఇక్కడ ఎవరు పనిచేశారో నీకు తెలిసే ఉంటుంది. పేరు చెప్పు.

ఒకసారి నువ్వే వచ్చి చూడకూడదా? నగరి నుంచి బస్సెక్కితే రెండు గంటలు. నేను స్టాండుకు వస్తాను.

స్టెల్లా


నగరి,
24 సెప్టెంబరు 2023

స్టెల్లాకు.

జాబు అందింది. నాకు మోకాళ్ళ నొప్పులు, రాలేను. సున్నం సంగతి రాయాల్సింది రాసినాను. మీ పెద్దమ్మకు కంటి ఆపరేషను అయింది.

ఏబెల్


తిరుపతి,
8 అక్టోబరు 2023

పెదనాయనకు వందనాలు.

నీ నాలుగు ముక్కల ఉత్తరం అందింది. పెద్దమ్మ ఆపరేషను సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పలేదనడం కూడా తప్పే, నేనే అడగలేదు. బొక్కలు, సున్నం, సిమెంటు అని నా గోల రాసుకుంటూ పోయాను. నీకు కోపం రావడం న్యాయమే. పెద్దమ్మకు నల్ల కళ్ళద్దాలు, నీకు మోకాళ్ళకు పూసుకునే తైలం పంపుతున్నాను.

ఇక్కడ రెండో అంతస్తు పని బాగా జరుగుతోంది. నీ సున్నం ఒక్క బీట ఇవ్వలేదు. చేత్తో నిమిరితే కోడిగుడ్డులా ఉంది. తైలం రోజుకు రెండుసార్లు పూసుకో.

స్టెల్లా


నగరి,
21 అక్టోబరు 2023

స్టెల్లాకు.

అద్దాలు మీ పెద్దమ్మ పెట్టుకుని మురిసిపోతా ఉండాది. తైలం వాపసు పంపినాను. నా మోకాళ్ళకు ఏమీ కాలేదు.

నువ్వు సదువుకున్నదానివి. నన్ను ఎత్తిపొడవాలంటే నేరుగా పొడువు. తెలిసీ తెలియనట్టు పేరు చెప్పు, పేరు చెప్పు అని అడగొద్దు. మీ నాయన పోయేముందర నీకు చెప్పుంటాడు. వాడు చెప్పకుండా ఉండడు. చిన్నప్పట్నించీ వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

ఏబెల్


తిరుపతి,
5 నవంబరు 2023

పెదనాయనకు స్టెల్లా వందనాలు.

నీ ఉత్తరం పది రోజులు నా బ్యాగులోనే ఉంది. చదివిన ప్రతిసారీ ఏడుపొచ్చింది. చివరికి నాకు అర్థమైంది. నువ్వు చెప్పేది ఇంటి స్థలం సంగతే కదా. నాన్న పోయేముందు ఆసుపత్రిలో "నగరి ఇంట్లో మన వాటా ఉంది, అన్నను అడగొద్దు, ఆయనిస్తే తీసుకో" అన్నాడు, నిజమే. నేను ఉత్తరాలు రాయడం ఆ వాటా కోసమని నువ్వు అనుకున్నావా? నాకు ఆ స్థలం వద్దు పెదనాయనా. కావాలంటే కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపుతాను. నువ్వు నాతో ముందులా మాట్లాడితే చాలు.

ఇక్కడ ముసురు పట్టింది.

స్టెల్లా


తిరుపతి,
12 డిసెంబరు 2023

పెదనాయనకు స్టెల్లా వందనాలు.

నువ్వు జవాబు రాయలేదు. ఇంటి స్థలం మాట ఎత్తి ఇంకా తప్పు చేశానేమో తెలియదు. ఎత్తిపొడుపనుకుంటే అనుకో. ఇప్పుడు నాకు వేరే దారి లేక రాస్తున్నాను.

తుఫానుకు నాలుగు రోజులు ఆగకుండా వాన కురిసింది. సిమెంటు పూత నెర్రెల్లోంచి నీళ్ళు లోపలికి దిగాయి, బయటికి వచ్చే దారి లేదు. మూడో అంతస్తు ఉత్తరపు కమాను ఉబ్బింది. మొన్న తెల్లవారి ఇటుకలు ఆరేడు ఊడిపడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సిమెంటు తీసేస్తే గోడ ఆరుతుందని నేనన్నాను. మునిచంద్ర సుత్తి, ఉలి పట్టుకుని ఒక గజం మేర కొట్టాడు. సిమెంటుతో పాటు ఇటుక కూడా ముక్కలై వచ్చింది. ప్రతాప్ సార్ చూసి పని ఆపేయమన్నాడు. చెడ్డవాడు కాదు. "స్టెల్లా, తీస్తే కూలుతుంది, ఉంచితే కూలుతుంది, నేనేం రాయను?" అన్నాడు. మూడో అంతస్తు పూర్తిగా దించేసి, రెండో అంతస్తు మీద కాంక్రీటు కప్పు వేయమని రిపోర్టు రాస్తున్నాడు. ఫిబ్రవరిలో కమిటీ వస్తుంది. ఆలోపు పూత తీసి చూపించగలిగితేనే మేడ మిగులుతుంది. ఇప్పటిదాకా నాలుగు వందల ఏళ్ళు నిలబడింది, నా చేతికి వచ్చాక పోతుందంటే నాకు అన్నం సయించడం లేదు.

నువ్వు రాకపోయినా పర్వాలేదు. ఇటుక చెడకుండా సిమెంటు తీసే ఉపాయం ఏదైనా ఉంటే రెండు ముక్కలు రాయి. పెద్దమ్మ కన్ను ఎలా ఉంది?

స్టెల్లా


నగరి,
18 డిసెంబరు 2023

ప్రభువు నన్ను క్షమించాల. స్టెల్లమ్మకు పెదనాయన రాసేది.

నీకు నిజంగా తెలియదని ఇప్పుడు తెలిసింది. ఇంటి స్థలం అని నువ్వు రాసింది సదివి మీ పెద్దమ్మ నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. గుమ్మడికాయల దొంగ ఎవురంటే బుజాలు తడుముకున్నట్టు నేనే తడుముకున్నాను. నీ మీద పడినాను. స్థలంలో మీ నాయన వాటా నీదే, ఎవురు కాదన్నారు. కాగితాలు రాసి పంపినావంటే చింపేస్తాను.

ఆ పూత పూసింది నేనే.

1992లో మూడో అంతస్తు కారతా ఉండాదని మమ్మల్ని పిలిచినారు. మమ్మల్ని అంటే మీ తాత మునెయ్యను, నన్ను. మీ నాయన కూడా సామాన్లు అందిచ్చేదానికి వచ్చినాడు. మీ తాత సున్నం తొట్లు కట్టిద్దామన్నాడు. నెల నానాల, నెల పూయాల. నాకు అప్పుడు ముప్పై ఆరేండ్లు, అందరూ సిమెంటు మేస్త్రీ అంటా ఉంటే తల పైకే ఉండేది. సిమెంటైతే పన్నెండు దినాల్లో ఐపోతాది, వందేండ్లు కదలదు అని పై ఆఫీసరుకు చెప్పేసినాను. ఆయన సరే అన్నాడు. మీ తాత కింద నిలబడి "వొద్దురా ఏబేలూ, గోడకు సెమట పడితే యాడికి పోవాల" అన్నాడు. నేను సారవ మీద నుంచి, కూలోళ్ళందరి ముందర, "నీ కాలం ఐపోయింది, పక్కకు జరుగు" అన్నాను.

ఆయప్ప తాపీ కడిగి, తుడిచి, ఇసక కుప్ప మీద పెట్టేసి బస్సెక్కి నగరికి వచ్చేసినాడు. మళ్ళీ నాతో పనికి రాలేదు. రెండేండ్లకు పోయినాడు. కొత్త పని చాతకాక అలిగినాడని నేను అందరికీ చెప్పుకున్నాను, నాకు నేను కూడా. లోపల సున్నం పిండిగా రాలతా ఉండాదని నువ్వు రాసిన దినం నాకు అన్నం దిగలేదు. నువ్వు ఎవుడో వెధవ అని రాసినావే, సరిగ్గా రాసినావు.

ఇప్పుడు పని మాట. మీ మునిచంద్ర పట్టున్న కాడ కొట్టినాడు, అందుకే ఇటుక ఊడొచ్చింది. నేను పన్నెండు దినాలు పూసినాను. ఒక దినం పూత నిలిపిన కాడ, మర్నాడు మొదలుపెట్టిన కాడ అతుకు ఉంటాది. కంటికి కనపడదు. అతుకు కాడ సిమెంటుకు పట్టు ఉండదు. ఆడ సన్న ఉలి పెట్టి, సుత్తితో కాదు, కొయ్యతో తట్టుకుంటా లేపితే పలకలు పలకలుగా వచ్చేస్తాది. ఆ అతుకులు యాడుండాయో కాగితం మీద రాయలేను. గోడ మీద చెయ్యి పెడితే తెలుస్తాది గానీ మాటకు రాదు.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నేను తొక్కినాను, కడగాల. రమ్మంటే వస్తాను. వద్దంటే నేనేమీ అనుకోను. మీ సారు ఈ ముసలోడెవురని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఏబెల్


తిరుపతి,
23 డిసెంబరు 2023

పెదనాయనకు స్టెల్లా వందనాలు.

ఈ ఉత్తరం నీకు అందేలోపు నేనే నగరిలో దిగవచ్చు. క్రిస్మస్‌కు వస్తున్నాను. అయినా రాస్తున్నాను. ఎదురుగా చెప్పాలంటే నీ చెవిలో అరవాలి, వీధంతా వింటుంది.

కోపం వచ్చింది. అబద్ధం ఎందుకు, మధ్యాహ్నం దాకా ఉంది. సిమెంటు సంగతికి కాదు. ఆ రోజుల్లో అందరూ అదే చేశారు, మా కాలేజీ పుస్తకాల్లో కూడా అదే రాశారు. తాతను అన్న మాటకు కోపం వచ్చింది. తాతను నేను చూడలేదు, ఆయన ఇసక కుప్ప మీద తాపీ పెట్టి వెళ్ళిపోవడం మాత్రం కళ్ళకు కట్టింది. తర్వాత నువ్వు ముప్పై ఏళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక మోసుకు తిరిగావని తలుచుకున్నాక కోపం నిలవలేదు. నేను రాసిన ఆ తిట్లకు సిగ్గుపడుతున్నాను.

ప్రతాప్ సార్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన "పూసినాయనే వస్తానంటే అంతకంటే ఏం కావాలి" అన్నాడు. జనవరి నెలంతా మనకిచ్చాడు. పండగ కాగానే నాతో బయలుదేరు. పెద్దమ్మను కూడా తీసుకెళదాం. మెట్లు మాత్రం పక్కకు తిరిగి ఎక్కాలి, ఆమెకు చెప్పి ఉంచు.

స్టెల్లా


తిరుపతి,
11 ఫిబ్రవరి 2024

పెదనాయనకు, పెద్దమ్మకు స్టెల్లా వందనాలు.

మీరు నగరి పోయాక గది బోసిపోయింది. అలివేలమ్మ రోజూ "మేస్త్రీ తాత ఎప్పుడొస్తాడు" అని అడుగుతోంది.

నీ వెనక ఎవరేమన్నారో నీకు వినపడలేదు కదా, అది ముందు చెబుతాను. మొదటి రోజు నువ్వు అరచెయ్యి గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు నిలబడిపోతే ప్రతాప్ సార్ నా దగ్గరికి వచ్చి "మీ పెదనాయన ప్రార్థన చేస్తున్నాడా?" అని అడిగాడు. నువ్వు "ఈడ" అని సుద్దతో గీత గీసి, ఉలి పెట్టి కొయ్యతో తట్టగానే గుమ్మం వెడల్పు పలక అలాగే చేతుల్లోకి వచ్చిందే, అప్పుడు మునిచంద్ర "నాకీ పని రాదు, నాకు ఏమీ రాదు" అన్నాడు. రెండో వారానికి వాడూ చెయ్యి ఆనించి వెతకడం మొదలుపెట్టాడు. పదకొండో బొక్క బయటపడిన రోజు నువ్వు గోడకు మొహం తిప్పుకుని ఏడ్చావు. ఎవరూ చూడలేదనుకున్నావు. అందరం చూశాం. 

కమిటీవాళ్ళు మొన్న శుక్రవారం వచ్చారు. ముగ్గురూ పక్కకు తిరిగి మెట్లెక్కారు. ఉత్తరపు కమాను దగ్గర తేమ కొలిచారు. డిసెంబరులో ఉన్నదాంట్లో సగం కూడా లేదు. ఉబ్బు ఆగిపోయింది. పగిలిన ఇటుకలు మార్చి, సున్నం పూత వేస్తే చాలన్నారు. మూడో అంతస్తు దించడం లేదు పెదనాయనా. కాంక్రీటు మాట కొట్టేశారు. నా పని ఇంకో ఏడాది పొడిగించారు. వచ్చే చలికాలానికి మెట్ల తలుపు తాళం తీస్తామని ప్రతాప్ సార్ పార్కు వాచ్‌మన్‌కు కూడా చెప్పేశాడు.

రిపోర్టులో మేడ చరిత్ర అని ఒక భాగం ఉంటుంది. ఏ కాలంలో ఎవరు ఏ పని చేశారో అందులో రాయాలి. నువ్వు ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కాబట్టి ఇలా రాశాను. "1992: మూడో అంతస్తు సిమెంటు పూత, మేస్త్రీ ఏబెల్, నగరి. 2024: సిమెంటు పూత తొలగింపు, మేస్త్రీ ఏబెల్, నగరి." ప్రతాప్ సార్ చదివి "ఇద్దరూ ఒకరేనని రాయనక్కర్లేదా?" అన్నాడు. ఊరి పేరు కూడా ఉంది, చదివినవాళ్ళకు తెలుస్తుంది అన్నాను. అచ్చుకు పంపే ముందు నీకు సమ్మతమేనా అని అడుగుతున్నాను.

స్టెల్లా


నగరి,
17 ఫిబ్రవరి 2024

ప్రభువు కృపలో స్టెల్లమ్మకు పెదనాయన, పెద్దమ్మ దీవెనలు.

నీ జాబు సదివినాక మీ పెద్దమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పింది. నాకు వినపడలేదు గానీ అందరూ నా పక్కకు తిరిగి సూసినారు.

సున్నం తొట్లకు నీళ్ళు తగ్గనీయొద్దు. ఎండలు ముదరక ముందే ఉత్తరం పక్క పూత ఐపోవాల. వచ్చే సోమవారం మొదటి బస్సుకు వస్తా ఉండాను. మునిచంద్రను గోనెలు తడిపి పెట్టుకోమను.

రిపోర్టులో మొదటిది సరిగ్గా ఉండాది, అట్లే ఉండనీ. రెండోది మాత్రం దిద్దాల. ఆడ నా పేరు కొట్టేసి మీ తాత పేరు రాయి. మేస్త్రీ మునెయ్య, నగరి. వద్దురా అని ఆయప్ప చెప్పిన పనే గదా నేను ఇప్పుడు చేసింది.

ఏబెల్